ఎడమ చేతి లివర్

1998 జూలై 6, సోమవారం

ఎడమ చేతి కట్టు విప్పారు. చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. మిగిలిన రెండూ ఉన్నాయంటే ఉన్నాయి... పూర్తిగా చాపలేను. సైటులో స్లాబు కింద కట్టే సెంట్రింగ్ రేకు నా చేతి మీద పడ్డ రోజు అందరిదీ ఒకటే మాట, పానం దక్కింది, అదే చాలని. చాలట. వాళ్ల చెయ్యి కాదు కదా.

ఇంటికొచ్చి బండి మీద కూర్చున్నాను. బ్రేకు కుడి చేతిది, దానికేం కాలేదు. క్లచ్ లివరే అందలేదు. వేళ్ల కొనలు తగిలి జారిపోతున్నాయి. ఇన్నేళ్లు నడిపిన బండి.

జూలై 8

తమ్ముడు శ్రీను నా బండి మీదే నా డ్యూటీకి పోతున్నాడు. మాదాపూర్ ఆఫీసు నుంచి గచ్చిబౌలి సైటుకు డ్రాయింగులు మోయడం — నా పని. నీ చెయ్యి నయమైందాక నేను చేస్తానన్నది వాడే. మంచి తమ్ముడని వాడకట్టంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను, తప్పుతుందా.

జూలై 10

ఇంజనీరు సారును కలిశాను. ఆగస్టు నుంచి ఆ పని పర్మనెంటు చేస్తారట. నెలాఖరు శుక్రవారం సైటులో బండి నడిపి చూపిస్తే నాకే ఇస్తానన్నాడు. నడపలేకపోతే గేటు డ్యూటీ.

గేటు! ఆ రోడ్డు మీద ప్రతి గుంతా తెలిసినవాణ్ని. నన్ను స్టూలు మీద కూర్చోబెడతారట.

జూలై 13

మెకానిక్ జహీర్ భాయ్‌కి చెయ్యి చూపించాను. జాలి పడలేదు, అందుకే ఆయనంటే ఇష్టం. ఉన్న లివర్‌నే కాచి వంచమంటే వద్దన్నాడు, విరుగుతుందట.

"హ్యాండిల్ దిక్కు వంగింది దొరుకుతది మల్లేశ్. దుకాణంల చెయ్యి పెట్టి చూసి తీస్కో. ఫికర్ జెయ్యకు."

జూలై 15

పుత్లీబౌలి, బండి సామాన్ల బజారు. దుకాణం దుకాణం తిరిగాను. స్టీలుది గట్టిదే, బరువు. రబ్బరు తొడిగింది మెత్తగా ఉంది, కానీ అంతే దూరం. పొట్టిది చూడ్డానికి బాగుంది, రెండు వేళ్లకు సరిపోతుందనుకున్నాను... లాగితే రాయిలా ఉంది. పొడుగు తగ్గితే బలం ఎక్కువ పెట్టాలట. అది కాలేజీ పిల్లల సోకు.

చివరికి ఒకటి. పొడుగ్గా, లోపలికి వంగి, తెల్లగా మెరుస్తూ. వేళ్లు వెళ్లి కూర్చున్నాయి. దుకాణంవాడు నా చెయ్యి చూసి, చూడనట్టు గోడ చూశాడు. జతగానే అమ్ముతారట, విడిగా ఇవ్వరట. నాకక్కర్లేని బ్రేక్ లివర్ కూడా తెచ్చుకున్నాను.

జూలై 19, ఆదివారం

జహీర్ భాయ్ రెండూ బిగించాడు. కొత్త క్లచ్ వైరు, నూనె. ఇంటి వెనక ఖాళీ జాగాలో...

పడలేదు. బండి ఆగలేదు. ఒకటో గేరు, రెండు, మూడు. ఏడుపొచ్చింది. సంతోషంగా ఉంది. రాస్తే దిష్టి తగులుతుందేమో, అయినా రాస్తున్నాను.

జూలై 22

శ్రీను బండి తెచ్చి పెట్టాడు. క్లచ్ లివర్ కిందికి తిప్పేసి ఉంది. సరిచేశాను.

జూలై 24

మళ్లీ తిప్పాడు. అడిగితే, తన చెయ్యి పెద్దదట, ఇరుకు అవుతోందట. బ్రేకుది మాత్రం మస్తుగా ఉందట. షోకు కదా.

పద్మ వాడి వైపే. నా పెళ్లాం!

"ఇద్దర్ల ఎవరు చేస్తే ఏంది? జీతం ఇంట్లకే గద వస్తది."

ఆమెకు ఇల్లు కనిపిస్తుంది. అందులో నేను కనిపించను.

జూలై 28

వాడు రాత్రి తిప్పుతాడు, నేను పొద్దున తిప్పుతాను. ఒకే ఇంట్లో అన్నం తింటున్నాం.

జూలై 31, శుక్రవారం

బస్సులో పోయాను. బండి వాడు ఆఫీసు నుంచి తెచ్చాడు. ఇంజనీరు సారు నీడలో నిలబడి కానివ్వమన్నాడు. దూరం నుంచి కొత్త బ్రేక్ లివర్ తళతళలాడుతోంది. ఎక్కి కూర్చున్నాక చూశాను... ఎడమవైపు పాతదే. కొత్త క్లచ్ లివర్ లేదు.

వాడి మొహం చూశాను.

"చెయ్యి గుంజుతున్నదన్నా, నిన్న తీసేసిన. చెప్దామంటే నువ్వు పండుకున్నవ్."

సారు ముందు ఏమనను? కిక్కు కొట్టాను. వేళ్లు జారాయి. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అంతే. లివర్ సంగతి చెప్పబోయాను, సారు చెయ్యెత్తి ఆపాడు.

"ఎందుకయ్యా నీకీ రిస్కు? మీ తమ్ముడు బాగానే చేస్తున్నాడుగా. ఎవరికిచ్చినా మీ ఇంటికేగా."

అచ్చం పద్మ మాటే.

ఆగస్టు 1

పాత సామాన్ల డబ్బాలో దొరికింది నా లివర్. కాగితంలో చుట్టి పెట్టాడు, జాగ్రత్తగానే. పారేసి ఉంటే వాణ్ని తిట్టడం తేలికయ్యేది.

ఆగస్టు 3, సోమవారం

గేటు. స్టూలు. వాడు హారన్ కొడతాడు, నేను అడ్డకర్ర ఎత్తుతాను. నా బండికి.

ఆగస్టు 6

వాడితో మాట్లాడటం లేదు. వాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆగస్టు 11

ఎండ మండుతోంది. శ్రీను గేటు దగ్గరే బండి ఆపి తాళంచెవి నా ఒళ్లో వేశాడు. డ్రాయింగులు చంకలో పెట్టుకున్నాడు. లోపల మీటింగట, సాయంత్రం దాకా రాడట.

"అన్నా, జర నీడకు పెట్టు."

జర. నీడకు. ఎక్కి కూర్చుని చూశాను, అందలేదు. గేటు ముందు అందరూ చూస్తుండగా తోసుకుంటూ పోయి చెట్టు కింద పెట్టాను.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. లివర్ టిఫిన్ సంచిలో ఉంది, రోజూ తెచ్చుకుంటున్నాను... ఎందుకో. జనరేటరు గదిలో స్పానర్ అడిగితే ఇస్తారు. బిగించడానికి ఒక్క బోల్టు, ఒక్క వైరు. వాడు వచ్చేసరికి ఈ స్టూలు మీద ఎవరూ, చెట్టు కింద బండీ ఉండకపోవచ్చు. లేదా నేనే ఉండి, లేచి, వాడికి అడ్డకర్ర ఎత్తవచ్చు.