ఏడు గంటల గురగుర

మంగళవారం

ప్రియమైన మా గొణుగుడుకి,

ఆదివారం పొద్దున ఏడింటికి రేడియోలో వాతావరణ విశేషాలు నువ్వే చదువుతావని రాశావు. ఆ ఆనందంలో చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేశాను, ఇప్పుడు కూర్చుని విప్పుతున్నాను. స్టేషన్లో తీగలు అతికేవాడి చేతికి మైకు ఇచ్చిన మీ పెద్దసారుకి నా దండాలు. ఈసారి బాగా చదివితే ప్రతి ఆదివారమూ నీదేనన్నారట కదా! చిన్నప్పుడు క్లాసులో పద్యం చెప్పమంటే గోడవైపు తిరిగి నించునేవాడివి. నేనొచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని. అందుకే ఆ అయిదు నిమిషాలూ నేను వినితీరాలి.

చిక్కేమిటంటే, మీ స్టేషన్ పెడితే నా ట్రాన్సిస్టరు గురగురమనడం తప్ప ఇంకో మాట మాట్లాడదు. నెత్తిన రెండు మొట్టికాయలు వేసినా లాభం లేదు. ఏం చెయ్యమంటావు?

నీ గొంతు కోసం కాచుకున్న
అక్క

గురువారం

ప్రియమైన అక్కకి,

దాన్ని మొట్టకు, అది నేను కాదు. ముందు ఏరియల్ మొత్తం బయటికి లాగు. కుట్టుమిషన్ మోటారుకీ ట్యూబులైటుకీ దూరంగా, కిటికీలో పెట్టు. ఏరియల్‌ని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా వంచి చూడు. అప్పటికీ మొరాయిస్తే రెండు బారల రాగి తీగ తెచ్చుకో. ఒక కొసన తొడుగు గీకేసి ఏరియల్‌కి చుట్టు, రెండో కొస బయట ఎంత ఎత్తులో వీలైతే అంత ఎత్తులో కట్టు. కరెంటు తీగల జోలికి మాత్రం పోకు.

రోజూ అద్దం ముందు చదువుతున్నాను. 'అక్కడక్కడ చిరుజల్లులు' దగ్గర నాలుక మడతపడుతోంది. నువ్వు వింటావంటే సగం ధైర్యం, సగం భయం.

నీ తమ్ముడు

శనివారం

ప్రియమైన తమ్ముడికి,

లాగాను, వంచాను, కిటికీలో పెట్టాను. గురగుర కాస్తా గుసగుస అయింది, అంతే. ఎత్తులో తీగ కట్టడానికి ఉన్నది ఒక్కటే కొక్కెం, అదీ పైవాటా టీచరమ్మ బాల్కనీలో. ఆవిడ ఆరేసిన బట్టల నీళ్లు నేను కుట్టిన కోటు మీద కారి, మాటా మాటా పెరిగి, ఏడాదిన్నరగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు ఆవిడ గడప తొక్కాలంటే తల కొట్టేసినట్టుంటుంది. నా వల్ల కాదురా. రేపు నీ గొంతు నాకు రాసిపెట్టి లేదు. నువ్వు మాత్రం బెదరకుండా చదువు.

అక్క

సోమవారం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది. నువ్వు వినలేదని తెలిసి గుండెల మీంచి బండ దిగింది. నాలుగో వాక్యం దగ్గర కాగితం మీద అక్షరాలు కనబడలేదక్కా. నోరు పెగల్లేదు. ఎంతసేపో తెలీదు, నాకైతే ఒక యుగం. తర్వాత మిగతాది గడగడా అప్పజెప్పి, ఎవరి మొహమూ చూడకుండా బయటికొచ్చాను.

పెద్దసారు ఊళ్లో లేరు, శుక్రవారం వస్తారు. ఆయన అడక్కముందే నేనే చెప్పేస్తాను, ఇది నా వల్ల కాదు, నా స్క్రూడ్రైవరు నాకు చాలని. దిగులుపడకు. తీగలు అతకడం కూడా మంచి పనే.

తమ్ముడు

బుధవారం

ప్రియమైన మా గొణుగుడుకి,

సారు గదికి వెళ్లేముందు ఇది చదువు. నేను విన్నాను.

శనివారం ఉత్తరం పోస్టులో వేసి వచ్చానే గానీ మనసు ఊరుకోలేదు. ఆదివారం ఆరున్నరకి తీగ చుట్ట ఒక చేత్తో, రేడియో ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. టీచరమ్మ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "మా తమ్ముడు రేడియోలో చదువుతాడండీ. మీ కొక్కేనికి ఈ తీగ కట్టుకోవాలి" అన్నాను. "అయితే గుమ్మంలో నించున్నావేం? టైమవుతోంది, రా" అంది. కోటు ఊసు ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తీగ కట్టి కూర్చున్నాం. ఏడు కొట్టగానే నీ గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వచ్చింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఉన్నట్టుండి నువ్వు ఆగిపోయావు. "తీగ ఊడిందమ్మాయ్!" అంటూ టీచరమ్మ కుర్చీ ఎక్కి తీగ పట్టుకుంది. నేను ఏరియల్ తిప్పాను. నీ గొంతు మళ్లీ వచ్చింది. "కదలకండి" అంటే, "కదుల్తానా?" అని కసిరింది. డెబ్బై ఏళ్ల మనిషి, నువ్వు ముగించేదాకా కుర్చీ మీద చెయ్యెత్తుకునే నించుంది. దిగి, చెయ్యి రుద్దుకుంటూ, "కుర్రాడు శుభ్రంగా చదివాడు, నీ తీగే సరిగా లేదు" అని నన్ను కోప్పడింది.

ఇవాళ నీ ఉత్తరం చదివేదాకా నేనూ తీగనే తిట్టుకున్నాను. నువ్వు దగ్గితే అది జలుబో భయమో చెప్పగలదాన్ని. నాకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుందిరా? నీ యుగం ఇక్కడ ఒక మనిషి కుర్చీ ఎక్కేంత సేపు. విన్నవాళ్లంతా ఎవరి రేడియో వాళ్లు సవరించుకుని ఉంటారు.

శుక్రవారం వెళ్లి, వచ్చే ఆదివారం కూడా నేనే చదువుతానని చెప్పిరా. మధ్యలో ఆగిపోతే ఆగు. మేం తీగ పట్టుకుంటాం.

నీ అక్క