విదేశీ విద్యార్థుల వాటా

హంసలదీవి

బావకు,
దుర్గ నమస్కారాలు. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులుంటే నవ్వకండి. ఫోనులో చెబుదామంటే అత్త స్పీకరు పెడుతుంది, నాకు సిగ్గు.

మీ శిక్షణ కేంద్రం నుంచి పడవ నడపడం నేర్పడానికి మనింటికి తెచ్చారే, ఆ విదేశీ నేవీ విద్యార్థులు, వాళ్ళకైన ఖర్చు రాయమన్నారు. అది వాళ్ళ దేశం నుంచి రాబట్టాలట, ఆ లెక్క తేలేదాకా మీకు సెలవు లేదట. కానీ బావా, అక్కా అని పిలిచి తిన్నవాళ్ళని అన్నానికి డబ్బు ఎలా అడుగుతాం? పైగా మనమే వాళ్ళకి బాకీ. మావయ్య పడవలో వల లాగారుగా, వాటా తీసుకోకుండానే వెళ్ళిపోయారు.
చదివి కాల్చేయండి.
మీ దుర్గ

తా.క. సెలవు ఎప్పుడని అత్త అడుగుతోంది. అత్తే.


విశాఖపట్నం

దుర్గకు,
ఇచ్చేది ఆ కుర్రాళ్ళు కాదు, వాళ్ళ ప్రభుత్వం. నీ ఉత్తరం ఫైల్లో పెడితే మా ఆఫీసులో లెక్కలు చూసే సారు బాబూరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేర్చుకోడానికొచ్చినవాళ్ళకి మనం కూలి బాకీ పడ్డామా? పైవాళ్ళకి తెలిస్తే నా పెన్షను గోవిందా!" అన్నారు. చేపల ఖర్చో, డీజిలు ఖర్చో, ఏదో ఒకటి రాయవే.
నీ నాగేంద్ర

తా.క. అమ్మ లేక ఇక్కడ నిద్ర పట్టడం లేదని చెప్పు. అమ్మకే.


హంసలదీవి

బావకు,
కాల్చమన్న ఉత్తరం ఫైల్లో పెడతారా! ఆ సారు తా.క. కూడా చదివారా?

డీజిలు రాయొద్దంటున్నారు మావయ్య. "వాళ్ళు రాకపోతే నేను వేటకెళ్ళనా ఏంటి?" అంటున్నారు. చేపలు మన వలలోవే. నేను నేర్పిందల్లా ముల్లు తీసుకుని తినడం. ఒకాయనకి గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు మింగించాను. అదీ శిక్షణే అయితే రాసుకోండి, ఖరీదు మాత్రం నాకు తెలియదు.

అత్త ఊరుకోవడం లేదు. "వల లాగినోడి వాటా ఉంచుకుంటే పడవకి మంచిది కాదే" అని, వాళ్ళ వాటా చేపలు ఎండబెట్టి మీ ఆఫీసుకి పార్సిలు చేయించింది.
ఇదైనా కాల్చండి.
దుర్గ

తా.క. మూట విప్పేముందు కిటికీలు తీయమనండి.


విశాఖపట్నం

దుర్గా,
ఏసీ గదిలో విప్పేశారు. బాబూరావు గారు మెట్ల మీద కూర్చుని పనిచేస్తున్నారు. అది విదేశీ ప్రభుత్వపు సరుకట, తినకూడదు, పారేయకూడదు. వాళ్ళ వాటా ఎంతో, మన ఖర్చు ఎంతో మీ ఊళ్ళోనే విచారించి తేల్చాలన్నారు. ఆ మూటతో బస్సెక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను ఒప్పుకున్నాను. నెలాఖరుకి వస్తున్నాను. సెలవు కాదు, డ్యూటీ. లెక్క తేలేదాకా అక్కడే ఉండాలట.
నీ నాగేంద్ర


హంసలదీవి

విచారణ అధికారి గారికి,
నమస్కారాలు. మీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. ఆఖరి మాట రెండుసార్లు చదివానని నవ్వుతోంది. ఇది చాలా కష్టమైన లెక్కండీ. ఎవరు ఎంత వల లాగారో మావయ్యకి గుర్తు లేదంటున్నారు. నాకా, లెక్కలు అసలు రావు. మీరు నిదానంగానే విచారించండి.
మీ సారు కంటపడకముందే ఇది కాల్చేయండి.
దుర్గ

తా.క. మావయ్యకి అంతా గుర్తుంది. వానలు పడేదాకా మర్చిపొమ్మని అత్త చేత చెప్పించాను.