ఎక్స్‌రే జాబితాలో కొట్టేసిన బేగిమాయ్ పేరు

జిల్లా క్షయ నివారణ అధికారి గారి సముఖమునకు,
తెరెక్-సాయ్ గ్రామ నివాసి, వితంతువు తుర్సున్‌బూబు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: తొమ్మిదేళ్ల నా మనుమరాలు బేగిమాయ్‌కు ఛాతీ ఫొటో, కఫం పరీక్ష వెంటనే చేయించుట గురించి.

1. నా పెద్దకొడుకు కుబాత్ నిరుడు వసంతంలో క్షయతో పోయినాడు. కోడలు నూర్జాత్ అదే జబ్బుతో తమ ఆసుపత్రిలో మందులు మింగుతున్నది. ఇప్పుడు పిల్ల దగ్గుతున్నది. నాలుగు వారాలైంది. తెల్లారేసరికి చొక్కా పిండితే నీళ్లు కారుతున్నవి.

2. పోయిన మంగళవారం మా ఊరికి ఎక్స్‌రే బండి వచ్చినది. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే మెలిస్ మా పిల్ల పేరు ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన “వంశ లక్షణం, అనవసరం” అని వ్రాసినాడు. అడగబోతే గుమ్మంలోనే ఆపినాడు.

“అవ్వా, మీ రక్తమే అంత. ఫొటో తీస్తే రక్తం మారుతుందా?”

“కుబాత్ దినానికి వచ్చి మాంసం తిని, నీ వాటా సంచిలో కట్టించుకుపోయావే, అప్పుడు గుర్తు రాలేదురా మా రక్తం?”

“అరవకు. అక్కడే నిలబడి మాట్లాడు.”

నేను పట్టుకున్న గొళ్లెం నా కళ్లముందే గుడ్డతో తుడిచినాడు. చెప్పుకోవడానికే అసహ్యం.

3. ఈ రక్తం మాట అతనికి ఎక్కడ దొరికిందో తమరు తెలుసుకోవలెను. రెండేళ్ల కింద రాజధాని నుండి వచ్చిన డాక్టరమ్మ మా ఇంటిల్లిపాది రక్తం తీసుకున్నది. తర్వాత మెలిస్ ఎదుటే నా పక్కన కూర్చుని, టీ తాగుతూ చెప్పినది: “మీ ఇంట్లో కొందరికి ఈ క్రిమిని ఆపే బలం పుట్టుకతోనే కాస్త తక్కువ, అవ్వా. జబ్బు వచ్చి తీరుతుందని కాదు. దగ్గు మొదలైతే మాత్రం మీ ఇంటివాళ్లనే ముందు చూడాలి.” ముందు చూడాలి అన్నది అయ్యా! ఇతడు దాన్ని తిరగేసి అసలే చూడనక్కరలేదన్నాడు.

4. అంతా రక్తమే అయితే నా కోడలికెందుకు వచ్చినది? ఏడు తరాల తాతల పేర్లు ఇటూ అటూ చెప్పించి, ఒక్కటీ కలవలేదని నేనే వేళ్లు మడిచి చూసుకుని తెచ్చుకున్న పిల్ల. మా రక్తం చుక్క లేదు. దగ్గే మొగుడి పక్కన ఒకే గదిలో రెండు చలికాలాలు పడుకున్నది, అదీ కారణం. నా చిన్నకొడుకుదీ కుబాత్ రక్తమే, కొండ మీద గొర్రెలు కాస్తూ రాయిలా ఉన్నాడు. పెద్ద చదువులేని నాకు తెలిసినది మెలిస్‌కు తెలియదా?

5. నూర్జాత్ రోజూ ఫోన్ చేస్తుంది. “అత్తా, పిల్లకు ఫొటో తీశారా?”

“తీశారమ్మా, ఏమీ లేదన్నారు. నువ్వు మందు వేసుకో.”

ఈ అబద్ధం ఇక నావల్ల కాదు.

కావున బేగిమాయ్ పేరు మరల చేర్పించి, పరీక్ష చేయించి, జబ్బుంటే మందులిప్పించవలెనని కోరుచున్నాను. పక్కన పడేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తుర్సున్‌బూబు

మరొక మాట: జవాబుకు ముప్పై రోజులని పోస్టాఫీసులో చెప్పినారు. నిన్న పిల్ల రుమాలు మీద ఎర్రగా కనబడినది. బీట్‌రూట్ పులుసు మరకలే అన్నాను, నమ్మినది. గురువారం పాల లారీలో దాన్ని తీసుకుని మీ దగ్గరికే వస్తున్నాను. అమ్మను చూడబోతున్నామని చెప్పి ఉన్నాను. దాని ముందర వంశం, రక్తం అని ఎవరూ అనకుండా మీ వాళ్లకు కాస్త చెప్పి పెట్టు నాయనా.