మీ బావ ఫోనులో తంగేడుపువ్వు కథలు

తెరుబలి

చెల్లి సుమకు అక్క గౌరి ప్రేమతో దీవించి రాస్తున్నది. ఇక్కడ మేము బాగానే ఉన్నాము. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాన్న నీ ఫోను లాగేసుకున్నారని అమ్మ చెప్పింది. అందుకే కాగితం మీద రాసి నీ స్నేహితురాలు పద్మ ఇంటికి పంపుతున్నాను. చదివాక పొయ్యిలో వెయ్యి. ఇంట్లోవాళ్లు సురేషు అని పిలిచే నిన్ను ఇన్నాళ్లూ నేనూ తమ్ముడూ అనే పిలిచాను. ఎందుకు మార్చానో కింద రాస్తాను.

ఇక్కడ చలి ఎక్కువ. ఆరేసిన బట్టల మీద ఫ్యాక్టరీ నుసి పడితే మళ్లీ ఉతకాలి. సంతలో చోడిపిండి దొరుకుతుంది, అంబలి కాస్తున్నాను. నా తిండికి బెంగ పెట్టుకోవద్దని అమ్మతో చెప్పు. పక్క క్వార్టరు ఆవిడ ఒడియాలో ఏదో అడుగుతుంది. నేను నవ్వి తలుపేసుకుంటాను.

తంగేడుపువ్వు అనే పేరుతో ఒకావిడ రాసినవని నువ్వు నాకు చదివి వినిపించిన కథలు ఆ సైటులో ఇప్పుడు లేవు. ఆవిడ పేరు కొడితే ఏమీ రావడం లేదు. నీలాంటి వాళ్ల కథలు ఇంకెక్కడ ఉన్నాయో వెతకాలంటే నాకు టైపు చెయ్యడం సరిగా రాదు, ఫోనుకి నోటితో చెప్పాలి. గోడలు పలచన. మీ బావ నైట్ షిఫ్టు దిగి పగలు పడుకుంటే, స్నానాలగదిలో కుళాయి తిప్పి "ట్రాన్స్‌జెండర్ కథలు" అని మెల్లగా చెప్పేదాన్ని. రెండు మూడు సైట్లలో ఏవేవో వచ్చాయి. కొన్ని చదవలేక మూసేశాను. చివరికి ఒకచోట వేరే పేరుతో ఒక కథ దొరికింది. అందులో ఇల్లు వదిలిపోయే పిల్లకి వాళ్ల నాయనమ్మ గంజి తాగించి పంపుతుంది. ఆవిడ కథల్లో ఎవరూ ఖాళీ కడుపుతో గడప దాటరు కదా! ఆవిడే అనుకున్నాను.

పట్టలేక ఆ కథ కింద అక్షరం అక్షరం వెతుక్కుని నాలుగు ముక్కలు రాశాను. ఉత్తరం రాసినట్టే రాశాను: "అక్కగారికి నమస్కారం, మేము తెరుబలిలో క్షేమం, మా తమ్ముడు మీలాగే, ఇంట్లో బలవంతంగా పెళ్లి చేస్తున్నారు" అని. ఆవిడ జవాబు ఇచ్చింది. "నీ చెల్లిని ధైర్యంగా ఉండమను" అని. తమ్ముడని రాస్తే చెల్లి అంది. నువ్వు పెట్టుకున్న సుమ పేరుతో, చెల్లీ అని పిలవాలని ఆ రోజే అనుకున్నాను.

అయితే ఫోను మీ బావది. నేను రాసినదాని పక్కన ఆయన పేరూ ఫొటోనే పడ్డాయి. ఎవరు చూశారో, ప్లాంటులో పాకిపోయింది. క్యాంటీనులో "ఏటి గురూ, కతలు సదివి ఏడుస్తన్నావట! సీర ఎప్పుడు కడతావు?" అన్నారట. మీ బావ ఇంటికొచ్చి ఫోను నా ముందు పడేశారు.

"ఏటే ఇది? నా పేరెట్టి ఏటి రాసేవు?"

"నా పేరు పడుతుందనుకున్నానండీ."

"నీ తమ్ముడి గోల నా నెత్తినెట్టేవు. ఆడు ఈ గుమ్మం ఎక్కితే నువ్వూ దిగిపోవాల."

నా ముందే అన్నీ తీసేశారు. ఇప్పుడు ఫోనుకి తాళం. ఆవిడను మళ్లీ ఎక్కడ వెతకాలో తెలియదు.

సుమా, నిన్ను ఇక్కడికి తెచ్చుకుంటానని మాటిచ్చాను. రావద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. చెప్పలేక ఇంతసేపు కథల గురించి రాశాను. బస్సు ఎక్కకు.

మాఘమాసంలో పెళ్లిచూపులకు నన్ను తప్పక పిలుస్తారు. ఆడపడుచును కనుక లోపలి గదిలో పిల్లకు బొట్టు పెట్టి మాట్లాడేది నేనే. అప్పుడు ఆ పిల్లకు నిజం చెప్పేస్తాను. పరాయివాళ్ల ముందు నా నోరు పెగలదని నీకు తెలుసు. అయినా చెప్తాను. నీకు ఇష్టం లేకపోతే పద్మ చేత ఒక్క మాట ఫోను చేయించు, మానేస్తాను. చెప్పిన తరువాత నాన్న నన్ను గడప తొక్కనివ్వరు. అమ్మను కళ్లారా చూడడం అదే ఆఖరు కావచ్చు. నా బదులు ఈ రోజే అమ్మ కాళ్లకు దండం పెట్టు. ఎందుకని అడిగితే అక్క పెట్టమంది అను.

నీ అక్క,
గౌరి