రెట్టింపుల లెక్క

అమ్మా,

ఫోన్ చేస్తే గొంతు వినగానే పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు. "ఈ కాలంలో ఉత్తరమేమిటే!" అని నువ్వు సాగదీయడం ఇక్కడికి వినిపిస్తోంది.

మధ్యాహ్నం నుంచీ వాన. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఆఫీసు గదంతా నీటి అడుగున ఉన్నట్టుంది. నువ్వు ఇక్కడ పనిచేసిన రోజుల్లో రాసిన ఫంక్షన్, అదే ఆ కోడు ముక్క, తెర మీద తెరుచుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒక సంఖ్య ఇస్తే, అది పట్టేందుకు ఎంత డబ్బా కావాలో చెప్పే ఆ చిన్న ఫంక్షన్. ఒకటితో మొదలుపెట్టి, చాలేదాకా రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... నన్ను భుజాన వేసుకుని నువ్వు జోకొట్టింది కూడా ఈ వరసలోనేగా. ఎక్కడికొచ్చేసరికి నిద్రపోయేదాన్నో నాకు ఎప్పటికీ తెలియదు. చదువుతుంటే కళ్ళు బరువెక్కి, ఆఫీసు కుర్చీలోనే నీ భుజం వాసన వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. మా కంపైలర్ నత్తనడక నడుస్తోందని అందరూ మొత్తుకుంటున్నారు. తీరా వెతికితే దొంగ నీ ఫంక్షనేనని తేలింది. ఎవరి ప్రోగ్రామునైనా యంత్రం భాషలోకి మార్చేటప్పుడు కంపైలర్ అడుగడుగునా దాన్నే పిలుస్తోంది. ఇప్పటి చిప్పులకు అంత తిరుగుడు అక్కర్లేదు. సంఖ్యను తమ ఒకట్ల, సున్నాల భాషలో రాసుకుని, దాని ముందు సున్నాలెన్ని ఉన్నాయో ఒక్క దెబ్బలో చెప్పేస్తాయి; డబ్బా కొలత దాన్నిబట్టే తెలిసిపోతుంది. ఆ పద్ధతిలో తిరగరాశాను. వెనక పేజీలో ఉంది, చూడు. కానీ ఇంత కోడులో నీ పేరుతో మిగిలింది అదొక్కటే అమ్మా. తీసేయడానికి చెయ్యి రాలేదు. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండని మా ఆఫీసు పెద్దాయనతో చెప్పేశాను. "ఏమైందమ్మా, ఇంత చిన్న పనికి?" అన్నాడు.

నా మీద కోపం తెచ్చుకోకు.

నీ పిచ్చుక

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను. అబద్ధమెందుకు, కష్టమేసింది. తర్వాత వెనక పేజీ తిప్పితే ఏడుపు పోయి ఒళ్ళు మండింది. సున్నా ఇస్తే ఏమవుతుందే? నీది ముందే ఒకటి తీసేస్తోంది. ఈ లెక్కలో మైనస్సులుండవు కదా, సున్నాలోంచి ఒకటి తీస్తే గిర్రున తిరిగి అన్నిటికన్నా పెద్ద సంఖ్య దగ్గర తేలుతుంది. ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఊరంత గోడౌను చూపిస్తావా? ఒకటి ఇచ్చినా తంటానే, తీసేశాక మిగిలేది ఉత్త సున్నా, దాని ముందు సున్నాలెన్నో కొన్ని చిప్పులు సరిగ్గా చెప్పలేవు. సంఖ్య ఒకటి దాటకపోతే జవాబు ఒకటేనని మొదట్లో ఒక లైను పెట్టు, చాలు. మిగతాది చూసి ముచ్చటేసింది. మా రోజుల్లో యంత్రానికి సున్నాలు లెక్కపెట్టడం రాదు. వచ్చుంటే నేనూ అలాగే రాసేదాన్ని.

ఇంకెవరికో ఇమ్మన్నావేమిటి? నా పాత దుప్పటి చింపాల్సి వస్తే పక్కింటావిడను పిలుస్తావా? మీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి పని వెనక్కి తీసుకో. కోడు మార్పుల పాత చిట్టాలో నా పేరు చూసి, ఈవిడ రాసినదాన్ని తీసేసిందెవరని రేపెవరైనా వెతికితే, వాళ్ళమ్మాయే అని తెలియాలి. నాకంతే కావాలి.

ముద్దులతో,
అమ్మ