బండికెంత నూనె

గజపతినగరం,
14-9-1968

అక్కా,

నీ ఉత్తరం అందింది. పిల్లాడికి పళ్లొస్తున్నాయని రాశావు, ముద్దొచ్చింది. ఇక్కడ నా మనసే బాగాలేదు.

నీ మరిది గోగునార కొనడానికి పల్లెలు తిరగాలని మోటారు సైకిలు కొన్నారని రాశాను కదా. ఆ బండికి ఉత్త పెట్రోలు పనికిరాదు, ఆయిల్ కలిపి పొయ్యాలి. ఐదు లీటర్లకి పావు లీటరు. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ చిమ్మి, ప్లగ్గు మసిబారి ఆగిపోతుంది. కలపడం ఆయనే నేర్పారు. డబ్బాలో ముందు కాస్త పెట్రోలు, దాని మీద ఆయిలంతా పోసి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపాలి. సరిగ్గా కలవకపోతే ఆయిల్ అడుక్కి దిగిపోతుంది. పెళ్లయ్యాక నన్ను నమ్మి అప్పగించిన మొదటి పని అది. బండి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, నేను కలిపిందాంతోనే పోతోంది కదా అని లోలోపల పొంగిపోయేదాన్ని.

ఇప్పుడా బండి పొగలు కక్కుతోంది. మొన్న ఊరి బయట ఆగిపోతే మిట్టమధ్యాహ్నం తోసుకుంటూ వచ్చారు. నార కట్టలు దింపుతున్న కూలీల ముందు, పక్కింటి దానమ్మగారి ముందు, "కూరలో నూని పోసినట్టు పోసీసినావేటే? ఇంకెప్పుడూ ఈ డబ్బా ముట్టుకోకు" అని అరిచారు. అత్తగారూ అక్కడే ఉన్నారు.

నేను కొలత తప్పలేదక్కా, నీ మీద ఒట్టు. చేయని తప్పుకి నలుగురిలో మాట పడ్డాను. లోపల కుమిలిపోతున్నాను. బావగారిని పంపించు, అక్కడికి వచ్చేస్తాను.

నీ చెల్లెలు,
అమ్మడు

---

గజపతినగరం,
22-9-1968

మా అక్కకి,

బావగారు ఇంకా బయల్దేరకపోతే ఆపు. ఎందుకో చెబితే నువ్వు కడుపుబ్బా నవ్వుతావు.

డబ్బా నా దగ్గర లాక్కుని ఈయనే కలుపుకున్నారా, అయినా అదే పొగ. నిన్న పొద్దున్న పెరట్లో బండి స్టార్టు చేస్తే నా ముక్కుకి అప్పాలు వేగుతున్న వాసన తగిలింది. వంటింట్లో చూస్తే పొయ్యే వెలిగించలేదు. దొడ్డి గుమ్మంలో అత్తగారు మంచినూనె గిన్నె కొంగు చాటున పెట్టుకుని నిలబడి ఉన్నారు.

ఈయన వెళ్లాక అడిగాను. "ఏటి సెయ్యమంటావే? ఎండలో తిరిగొచ్చిన బండి ముట్టుకుంటే సురుక్కుమంతంది. మనిషికైతే మాడుకి నూని పెట్టమా? దానికీ పెట్రోలు మూత తీసి రోజూ గరిటెడు పోస్తన్నాను. నా కొడుకుని మోసుకొస్తంది కదా" అన్నారు. బండి ఆగిపోయిన రోజయితే పాపం వేడి మరీ ఎక్కిందని రెండు గరిటెలు పోశారట! నాకు నవ్వాగలేదు. ఆ నూనె వల్లే ప్లగ్గు చెడుతోందని నెమ్మదిగా చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది. "అయితే నీకా తిట్లు నా వల్లేనేటే?" అన్నారు. పోనీలెండి, ఆయనకి చెప్పనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నానక్కా, ఆవిడ మొహం చూస్తే కోపం నిలవలేదు.

సాయంత్రం ఈయన వచ్చేసరికి కూలీలున్నారు, దానమ్మగారున్నారు. అత్తగారు అందరి మధ్యకీ వచ్చి, "ఒరే బాబు, ఆ నూని పోసింది పిల్ల కాదు, నాను. తిట్టు, ఇక్కడే తిట్టు" అన్నారు. సంగతంతా విని ఈయన కాసేపు బుర్ర గోక్కున్నారు. నవ్వేసి, "పోన్లే అమా, తెలీక పోసినావు. దానికేటి" అన్నారు.

అత్తగారు కదల్లేదు.

"మరి ఆ మాట మొన్న పిల్లకెందుకు సెప్పలేదురా?"

ఈయన నవ్వు ఆగిపోయింది. కూలీలు తలలు దించుకున్నారు. ఈయన లోపలికెళ్లి పెట్రోలు డబ్బా తెచ్చి, అందరూ చూస్తుండగా నా ముందు పెట్టారు. "నువ్వే కలుపే" అన్నారు, నా మొహంలోకి చూడలేక.

కలిపానక్కా. చుక్క ఒలకలేదు.

నీ
అమ్మడు