విన్నీ అక్క రేడియోకి ఒక బొమ్మ కావాలి

హెబ్డెన్ బ్రిడ్జ్,
2 మార్చి 1984

టాటర్సల్ గారికి నమస్కారాలు.

నా పేరు నార్మన్ హార్‌గ్రీవ్స్. రిటైరైన బస్సు కండక్టర్ని. మీ అడ్రసు లైబ్రరీ ఆయన ఇచ్చారు. మీ వారు సిరిల్ గారు ముప్ఫై ఏళ్లు రేడియోలు బాగుచేశారనీ, ఆయన పోయాక కూడా ప్రతి రేడియో సర్క్యూట్ బొమ్మనూ మీరు పెట్టెల్లో భద్రంగా ఉంచారనీ చెప్పారు.

మా అక్క విన్నీ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. ఇల్లు చూడమని తాళాలు నాకిచ్చింది. ఆమెకి 1938 నాటి వాల్వు రేడియో ఒకటుంది. రోజూ సాయంత్రం దాని ముందే కూర్చుంటుంది. వచ్చేసరికి దుమ్ము దులిపి ఉంచుదామని వెనక చెక్క విప్పాను. ఒక ముక్క చేతిలోకే ఊడొచ్చింది. అదెక్కడిదో చూద్దామని ఇంకోటి విప్పాను. ఇప్పుడు విప్పడానికి ఏమీ మిగల్లేదు. 24న అక్క ఇంటికొస్తుంది. మోడల్ నంబరు విడిగా రాసి పెట్టాను. బొమ్మ ఉంటే పంపి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
నార్మన్ హార్‌గ్రీవ్స్

తా.క. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఇప్పటికీ చెవి మెలిపెడుతుంది.


స్కిప్టన్,
5 మార్చి

హార్‌గ్రీవ్స్ గారికి,

బొమ్మ దొరికింది. అసలుది మాత్రం పంపలేను, ఏమీ అనుకోకండి. అంచుల్లో సిరిల్ చేతిరాత ఉంది. ఒక మూల "ఎనిడ్‌కి దగ్గు మందు" అని రాసుకున్నారు. ఆయన కాగితం ఒక్కటీ ఇంతవరకూ మా వీధి దాటలేదు. వీధి చివర కొట్లో నకలు తీయించి పంపుతున్నాను. కొంచెం మసగ్గా ఉంది.

ఎనిడ్ టాటర్సల్

తా.క. తలకిందులుగా తీశారేమో తెలియదు. నాకు ఎటు తిప్పినా ఒకేలా ఉంది.


హెబ్డెన్ బ్రిడ్జ్,
7 మార్చి

టాటర్సల్ గారికి,

మీ సాయానికి కృతజ్ఞతలు. అయితే నకలు మా కొండ మీద నవంబరు పొగమంచులా ఉంది. మూడేదో ఎనిమిదేదో తెలియడం లేదు. కరెంటుతో పని కదా, తప్పు పోకూడదు. దయచేసి ఇంకాస్త శుభ్రమైనది పంపగలరా?

నార్మన్ హార్‌గ్రీవ్స్

తా.క. అక్క సాసర్లన్నీ రేడియో ముక్కలకే సరిపోయాయి. టీ కప్పు కింద పెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు గనక కప్పు ఒళ్లో పెట్టుకుంటున్నాను.


స్కిప్టన్,
10 మార్చి

హార్‌గ్రీవ్స్ గారికి,

మీరు చెప్పింది నిజమే, శుభ్రంగా లేదు. సిరిల్ కిటికీ తెరిచి పని చేసేవారు, ఈగలు బొమ్మంతా చుక్కలు పెట్టాయి. చిత్రం చూడండి, సరిగ్గా తీగా తీగా కలిసే చోటే వాలాయి. నిన్నంతా కూర్చుని బ్లేడుతో సున్నితంగా గీకేశాను. ముప్ఫై ఒక్క చుక్కలు. ఇప్పుడు అద్దంలా ఉంది. కొత్త నకలు జత చేశాను.

ఎనిడ్ టాటర్సల్

తా.క. సిరిల్ చూస్తే ఎంత సంతోషించేవారో.


హెబ్డెన్ బ్రిడ్జ్,
12 మార్చి

టాటర్సల్ గారికి,

అవి ఈగలు పెట్టినవి కావు. ఏ తీగని దేనికి టంకం వెయ్యాలో చెప్పే గుర్తులు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పాత మసక నకలులో కొన్ని చుక్కలు ఆనుతున్నాయి, మిగతావి ఊహించుకుంటాను. అంకెలు, గీతలు మాత్రం పెద్దవిగా, ఉన్నవి ఉన్నట్టు చేత్తో గీసి పంపండి. మీరిక ఏదీ బాగుచేయకండి.

నార్మన్

తా.క. నిన్న ఆసుపత్రికి వెళ్లాను. నా గోళ్లేమయ్యాయని అక్క అడిగింది. తోటపని అన్నాను. నాకు తోట లేదు.


స్కిప్టన్,
15 మార్చి

నార్మన్ గారికి,

సిగ్గుతో చచ్చిపోయాను. గోడలకి అంటించే రంగు కాగితం వెనక నల్ల సిరాతో పెద్దగా గీశాను. మూడు రోజులు పట్టింది. ఒక్క అంకె తప్పు పోలేదు, నాలుగుసార్లు సరిచూశాను.

ఎనిడ్

తా.క. (వెనక వైపు చూడండి) ఒక గీత ఇంకో గీతని దాటేచోట గూనిలా పైకి లేచి ఉంది. అచ్చువాళ్ల చెయ్యి వణికినట్టుంది. ఆ ఒక్కటీ రూళ్లకర్రతో సాపు చేశాను.


హెబ్డెన్ బ్రిడ్జ్,
19 మార్చి, సోమవారం

ఎనిడ్ గారికి,

మీ తా.క. పొగ వచ్చాక చూశాను.

ఆ గూని ఉన్నచోట తీగలు ఒకదాన్నొకటి తాకకూడదు. నేను రెంటినీ కలిపేశాను. స్విచ్ వేయగానే రేడియో ముందు మూలిగింది, తర్వాత ఒక రెసిస్టర్ బొగ్గయింది. అదొక్కటే పోయింది, కొత్తది దొరికింది. కానీ ఇవాళ ఆసుపత్రి నుంచి కబురు. అక్క బాగా కోలుకుందట, గురువారమే పంపించేస్తారట. నాకు నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. అరవై ఏడేళ్ల వాణ్ణి, అక్కకి ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి వల్లె వేస్తున్నాను.

నార్మన్


స్కిప్టన్,
20 మార్చి

నార్మన్ గారికి,

మీ ఉత్తరం చదివి అసలు బొమ్మని కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. బ్లేడుతో గీకిన చోటల్లా కాగితం పలచబడి, వెలుతురు దూరుతోంది. ముప్ఫై ఒక్కటీ కనిపిస్తున్నాయి. ఆ గూని కూడా ఉన్నచోటే ఉంది.

రేపు పొద్దున బస్సుకి బొమ్మ తీసుకుని నేనే వస్తున్నాను. నేను కిటికీ దగ్గర పట్టుకుని చెబుతాను, మీరు టంకం వెయ్యండి. సిరిల్ కాగితం మా వీధి దాటడం ఇదే మొదటిసారి. అందుకే చేతిసంచిలో కాదు, కోటు లోపల పెట్టుకుంటాను.

ఎనిడ్

తా.క. మధ్యాహ్నానికి మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె తెస్తున్నాను. మీరు ఏమీ తినడం లేదన్నారు కదా.


హెబ్డెన్ బ్రిడ్జ్,
2 ఏప్రిల్

అమ్మా ఎనిడ్,

నేను నార్మన్ వాళ్ల అక్క విన్నీని. రేడియో పలుకుతోంది. జరిగిందంతా వాడు ఏడుపు మొహంతో చెప్పాడు. వాణ్ణి తిట్టలేదు. నీకొక్కదానికే ఒక మాట చెబుతాను, కడుపులో దాచుకో.

ఆ రేడియో 1961లోనే మూగబోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. దాని ముందు కూర్చుంటే వింటున్నాననుకుని పక్కింటావిడ వెనక్కి వెళ్లిపోయేది, ఇన్సూరెన్సు వాడు తలుపు కొట్టేవాడు కాదు, మా నార్మన్ మునివేళ్ల మీద నడిచి వెళ్లిపోయేవాడు. ఇరవై మూడేళ్లు హాయిగా గడిచాయి.

ఇప్పుడు వాడు రోజూ ఐదింటికి బిస్కట్లు పట్టుకుని దిగుతున్నాడు, "విను అక్కా, ఎంత స్పష్టంగా ఉందో" అంటూ. విననిస్తేగా. వార్తలు మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా నీ గురించే చెబుతాడు. నీ చేతి 'పై' రొట్టె గురించి, ఆ కిటికీ దగ్గర నువ్వు చుక్కలు చెప్పిన తీరు గురించి. నిన్న బూట్లకి పాలిష్ కూడా పెట్టాడు, ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు.

మీ ఇంట్లో చెడిపోయిన రేడియో ఏదైనా ఉంటే వాణ్ణి పిలువు తల్లీ.

ప్రేమతో,
విన్నీ

తా.క. బాగా చెడిపోయినదైతే మరీ మంచిది.